అంగారకుడికి వాలు పెట్టిన మేస్త్రి

ఎవరింటికి భోజనానికి పిలిచినా వాలు మేస్త్రి ముందు చేతులు కడుక్కునే చోటికి వెళ్తాడు. కడుక్కోవడానికే అనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే. చెంబుడు నీళ్లు నేలమీద పోసి, జేబులోంచి అగ్గిపుల్ల ఒకటి తీసి, దాని తల విరిచి ఆ నీళ్లలో వేస్తాడు. పుల్ల మెల్లగా కదిలి తూము దాకా వెళ్లిపోతే "పుల్ల పోయింది" అనుకుంటూ వచ్చి కూర్చుని పెట్టింది తింటాడు. మధ్యలో ఎక్కడైనా ఆగిందంటే ఆ పూట ఆ ఇంటివాళ్లకి తిండి సయించదు. "ఎవరండీ ఈ గచ్చు వేసింది?" అని మొదలుపెట్టి మజ్జిగ దాకా అదే మాట. జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉంటుంది కదా అని ఆయన్ని చుట్టలు కాల్చేవాడనుకునేరు. పొగ వాసనకే దగ్గొస్తుంది పాపం.

నలభయ్యేళ్లుగా ఆయన చేసింది గచ్చు పని ఒక్కటే. గోడల జోలికి పోడు. గోడ నిలబడితే చాలు, దానికి బుర్ర అక్కర్లేదంటాడు. నేలంటే అలా కాదు. చూసేవాళ్లకి చదునుగా కనబడాలి, నీటికి మాత్రం వాలుగా ఉండాలి. నీరు పల్లమెరుగు అని లోకమంతా అంటుంది గానీ, ఆ పల్లం ఎక్కడుందో నీటికి చెప్పేది మేస్త్రే కదా అని ఆయన వాదన. ఆసుపత్రి వరండాలు, హోటళ్ల వంటగదులు, బస్టాండు మరుగుదొడ్లు, ఎన్ని వేశాడో లెక్కలేదు. పని అయ్యాక గదిలో చీకటి చేసి, నేలమీద ఒక మూల దీపం పెట్టి, గొంతుక్కూర్చుని నీడలు చూస్తాడు. గుంట ఉంటే నీడ ఒక వైపు, బొడిపె ఉంటే రెండో వైపు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ మొదటి రోజు చెప్పే మాట ఒకటే: "ముందు దీపం ఎక్కడుందో చూడు. తర్వాత నీడ చూడు." ఈ మాట గుర్తుపెట్టుకోండి, చెప్పినవాడే మరిచిపోబోతున్నాడు.

ఇంత చేసినవాడి సొంతింటి స్నానాలగదిలో, కిటికీ కింద మూలన, నీళ్లు నిలుస్తాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. ఇల్లు కట్టుకుని ఇరవయ్యారేళ్లయింది. ఇరవయ్యారేళ్లుగా ఆయన భార్య రోజూ స్నానం చేసి, చీపురు తీసుకుని, ఆ మూలనున్న నీళ్లని తూము వైపు తోసి బయటికి వస్తోంది.

"ఇల్లు కుంగిందే," అంటాడు ఆయన.

"ఇల్లంతా నిక్షేపంలా ఉంది. ఆ మూల ఒక్కటే కుంగిందా?"

"నేల సంగతి నీకేం తెలుసు?"

అక్కడితో ఆ రోజుకి ఆ చర్చ ముగుస్తుంది. మర్నాడు మళ్లీ మొదలవుతుంది. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. పైకి అలా అన్నా లోపల ఒక భయం ఉండేది ఆయనకి. ఒక్క గచ్చు తప్పుగా వేశానని నోటితో ఒప్పుకుంటే, వేసినవన్నీ అనుమానంలో పడతాయని.

ఇలా ఉండగా మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు రెండు కాళ్లూ నొక్కి చూసి, ఇకమీదట గొంతుక్కూర్చోవద్దన్నాడు. గొంతుక్కూర్చోని గచ్చు మేస్త్రి ఎవడు? ఇంటికొచ్చి, "ఇంకొక్క గచ్చు వేసి మానేస్తా," అని ప్రకటించాడు. "నలుగురూ చూసి ఇది ఫలానా మేస్త్రి వేసిన ఆఖరి గచ్చు అని చెప్పుకోవాలి."

"అయితే స్నానాలగది మూల బాగుచెయ్యి," అంది భార్య. "నలుగురిని నేను పిలుస్తాలే."

ఆయన రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు స్కూలు నుంచి సైన్సు టీచరమ్మ కబురు పంపింది. మాట్లాడడానికి కొత్త సంగతి దొరికింది కదా, అలక దానంతటదే పోయింది.

టీచరమ్మ గదిలో బల్లమీద ఒక పెద్ద ఫొటో పరిచి ఉంది. "మేస్త్రిగారూ, ఇది అంగారకుడు. మన పక్క గ్రహం. ఆకాశంలో తిరిగే యంత్రం పైనుంచి తీసిన ఫొటో ఇది. ఇప్పుడక్కడ చుక్క నీరు పారదు. కానీ మూడొందల యాభై కోట్ల ఏళ్ల కిందట ఇదిగో, ఇక్కడ ఏరు పారింది. ఏరు పోయింది, దాని దారి మిగిలిపోయింది. మన సైన్సు గది ముందు వరండాలో పన్నెండడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పున దీన్ని సిమెంటుతో చేసిపెట్టాలి. పిల్లలు నీళ్లు పోస్తే ఆ పాతదారి వెంటే పారాలి. నీళ్లు ఎటు పోయాయో ఎర్ర బాణం గీశాను చూడండి."

మేస్త్రి ఫొటో వైపు చూడాల్సిన సమయంలో నేల వైపు చూస్తున్నాడు. మంచినీళ్ల కుండ కింద తడి మరక కనిపించింది. "ఈ గది గచ్చు ఎవరు వేశారు టీచరమ్మా?" అన్నాడు.

"తెలియదండీ. అర్థమైందా నేను చెప్పింది?"

"నీళ్లు పారాలన్నారు. పారతాయి. నలభయ్యేళ్లుగా అదే పని."

టీచరమ్మ పన్నెండు రోజులు శిక్షణకి వేరే ఊరు వెళ్తోంది. వచ్చిన నాలుగు రోజులకే సైన్సు గది ప్రారంభం. ఫొటో చుట్టి ఆయన చేతిలో పెట్టి, సందేహం వస్తే ఫోను చెయ్యమంది. సందేహం అనే పదార్థం ఆయన దగ్గర ఎన్నడూ లేదు. కాబట్టి ఫోనూ లేదు.

మర్నాడు బావమరిదిని వెంటేసుకుని వరండాకి వెళ్లాడు. ఈ బావమరిది ఆయన భార్యకి తమ్ముడు, గోడలకి పూత పూసే మేస్త్రి. బావ మోకాళ్లు పనిచెయ్యవని సిమెంటు మాలు కలిపి అందించడానికి వచ్చాడు. వచ్చింది సాయానికే గానీ, ముప్పయ్యేళ్లుగా గోడలని ఆడిపోసుకున్న బావ ఎక్కడ దొరుకుతాడా అని కూడా ఒక కన్ను వేసి ఉంచాడు.

ఫొటోని గోడకి అంటించబోతూ మేస్త్రి ఆగాడు. బాణం పైకి చూపిస్తోంది. వరండా తూము ఏమో ఆయన కాళ్ల వెనక, మెట్ల పక్కన ఉంది. ఏరు తూము వైపు పోవాలా, గోడెక్కాలా? గచ్చు మేస్త్రి అన్నవాడెవడైనా ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. ఫొటోని తలకిందులు చేసి అంటించాడు. బాణం కిందికి, తూము వైపుకి తిరిగింది. లక్షణంగా ఉంది అనుకున్నాడు.

వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. ఎర్రటి నేలమీద, మెలికలు తిరుగుతూ, లావుపాటి గట్టు ఒకటి పైకి లేచి కనిపించింది. దానికి ఇటూ అటూ సన్నపాటి గట్లు.

"గట్లు చూశావట్రా ఎంత బలంగా ఉన్నాయో," అన్నాడు. "అన్ని కోట్ల ఏళ్లయినా చెక్కు చెదరలేదు. కట్టినవాడెవడో పనిమంతుడు."

"ఎవరూ కట్టలేదు బావా. దానంతటదే ఏర్పడిందట."

"అందుకే బాగుంది."

పనిలోకి దిగాడు. మోకాళ్ల కింద గోనెపట్టా మడిచి వేసుకుని, గంటకోసారి బావమరిది చెయ్యి పట్టుకుని లేస్తూ, నేల ఎత్తు తెలియడానికి దారాలు లాగి, రసమట్టం పెట్టి, తొమ్మిది రోజులు చేశాడు. గట్టు ప్రతి మెలికనీ తాపీ మొనతో తీర్చాడు. గట్టుకి అటూ ఇటూ నేలకి ఆయన పెట్టిన వాలు మాత్రం నిజంగా చూడాల్సిందే. అరచేత్తో రాస్తే తెలియదు, పుల్ల వేస్తే ఆగదు.

నాలుగో రోజో అయిదో రోజో బావమరిదికి అనుమానమొచ్చింది. "బావా, ఏరంటే గుంట కదా. ఇదేంటి, నువ్వు చేసేకొద్దీ పైకి లేస్తోంది?"

"అది ఏరు కాదురా, గట్టు. ఏరు దాని పక్కన పారింది."

"గట్టుకి చెట్టుకొమ్మల్లాగా పిల్లగట్లు ఉంటాయా?"

"నువ్వెళ్లి గోడ చూసుకో. నీడ చదవడం నాకు నేర్పకు."

బావమరిది నోరు మూసుకున్నాడు. అంత తేలిగ్గా ఎందుకు మూసుకున్నాడా అని మేస్త్రి అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

టీచరమ్మ గురువారం వచ్చింది. వరండాలోకి అడుగుపెట్టి, సిమెంటు మీద వేసిన ఎర్రరంగు చూసి సంబరపడి, ఇంకొంచెం దగ్గరికొచ్చి ఆగిపోయింది. మేస్త్రి ఆవిడ మొహం చూడలేదు. "పొయ్యరా," అన్నాడు బావమరిదితో.

బావమరిది బకెట్టుడు నీళ్లు పై అంచు దగ్గర పోశాడు. నీళ్లు రెండుగా చీలి, గట్టుకి అటొక పాయ ఇటొక పాయగా, ఎక్కడా తొట్రుపడకుండా, మెట్ల పక్క తూములోకి దిగిపోయాయి. మేస్త్రి అగ్గిపుల్ల తల విరిచి వేశాడు. అదీ వెళ్లిపోయింది. ఒక్క చుక్క ఎక్కడా నిలవలేదు. నడిమధ్యన అంగారకుడి మీది ఆ పాత ఏరు మాత్రం, ఎండు కర్రలాగా, ఒంటిమీద తడి తగలకుండా నిలబడి ఉంది.

"పుల్ల పోయింది," అన్నాడు మేస్త్రి గర్వంగా.

టీచరమ్మ గోడ దగ్గరికి వెళ్లి, ఫొటోని జాగ్రత్తగా ఊడదీసి, తిప్పి పట్టుకుంది.

గట్టు గుంటలోకి దిగిపోయింది. ఆయన కళ్లెదుటే, కాగితం మీద ఎవరూ ఏమీ చెయ్యకుండానే, పైకి లేచిన మెలికలన్నీ లోతుకి పోయి, పిల్లగట్లన్నీ పిల్లకాలవలై పెద్ద కాలవలో కలిశాయి. మేస్త్రి ఫొటో లాక్కుని తిప్పాడు. గట్టు. మళ్లీ తిప్పాడు. ఏరు. అలా ఆరేడుసార్లు తిప్పాడు, ఏదో ఒకసారి అది తన మాట వింటుందేమోనని.

"వెలుతురు పైనుంచే పడుతుందని మన కన్నుకి అలవాటండీ," అంది టీచరమ్మ నెమ్మదిగా. "ఈ ఫొటోలో సూర్యుడు పైవైపు ఉన్నాడు. తలకిందులు చేస్తే కిందివైపుకి వచ్చేస్తాడు. అప్పుడు గుంటలన్నీ గట్లలా కనిపిస్తాయి. ఎవరికైనా అంతే."

ఎవరికైనా అంతే. కానీ నలభయ్యేళ్లుగా దీపం పెట్టి నీడలు చదివినవాడికి కూడానా? మేస్త్రికి మొహం చెల్లలేదు. ముందు దీపం ఎక్కడుందో చూడు అని ఎంతమందికి చెప్పాడు. ఇక్కడ దీపం సూర్యుడంత ఉంది, అదెక్కడుందో ఒక్కసారి అడగలేదు.

టీచరమ్మ మంచి మనిషి. ఆయన మొహం చూసి జాలిపడింది. "ఒక మాట చెప్పనా? అంగారకుడి మీద నిజంగానే ఇలా పైకి లేచిన ఏర్లు కూడా ఉన్నాయి. ఏటి అడుగున గులకరాళ్లు, ఇసుక గట్టిపడి బండలా అయిపోతాయి. చుట్టూ ఉన్న మెత్తటి మట్టిని గాలి కోట్ల ఏళ్లపాటు ఎత్తుకుపోతుంది. ఏటి అడుగు గట్టులా మిగిలిపోతుంది. ఆ ముక్క బోర్డు మీద రాసి పెట్టేస్తాను. చూసినవాళ్లు అదే అనుకుంటారు."

"ఇంకేం బావా," అన్నాడు బావమరిది. ఇన్నేళ్లకి దొరికిన అవకాశం, వదులుతాడా? "మేమంతా పొరబడ్డాంగానీ నువ్వు మేస్త్రివి కాదు, గాలివి."

మేస్త్రి కోప్పడలేదు. బావమరిదికి అదే భయమేసింది. "ఈ ఫొటోలో ఉన్నది ఎలాంటిది టీచరమ్మా? గట్టా, గుంటా?" అని అడిగాడు.

"ఇందులో ఉన్నది గుంటేనండీ," అంది ఆవిడ.

ఆయన తాపీ కడిగి సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. ఆయన కంటే ముందు కబురు నడిచింది. భార్య ఒక్క మాట అనలేదు. అనేదేదో అనేస్తే ఆయనా నాలుగు అనేసి తేలికపడేవాడు. కాళ్లు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్లాడు. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతోంది. మూలన నీళ్లు, రోజూ ఉన్నట్టే, తమ ఇంట్లో తాము ఉన్నట్టు ఉన్నాయి.

ఎన్నో ఇళ్లలో పుల్ల వేసినవాడు సొంతింట్లో ఒక్కసారీ వెయ్యలేదు. ఇప్పుడు జేబులోంచి తీశాడు. తల విరిచాడు. చెంబుడు నీళ్లు పోసి వేశాడు. పుల్ల బయల్దేరి, తూము వైపు కాకుండా కిటికీ వైపు తిరిగి, మూలకి చేరి, గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఇల్లు కుంగడం కాదు. ఆ గచ్చు వేసిన రోజు కిటికీ వైపు దారం ఒక అర అంగుళం కిందికి కట్టాడు. అది ఆయనకి గచ్చు ఆరకముందే తెలుసు.

బయటికొచ్చి, తుండుతో కాళ్లు తుడుచుకుంటూ, భార్య వైపు చూడకుండా అన్నాడు. "ఇల్లు కుంగలేదు. దారం నేనే తప్పు కట్టాను."

ఆవిడ చేస్తున్న పని ఆపింది. కొంగుతో మొహం తుడుచుకుంది. మూల బాగవుతుందని కాదు. ఇరవయ్యారేళ్లుగా తనని పిచ్చిదాన్ని చేస్తున్నాడని ఆవిడకి లోపల ఉండిపోయింది. "చూశావా, చెప్పినా నువ్వేం చచ్చిపోలేదు," అంది చివరికి.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి స్కూలుకి వెళ్లి, "నా తప్పు గాలి మీద పెట్టొద్దు టీచరమ్మా. పక్కన ఇంకో అంత జాగా ఉంది, మళ్లీ వేస్తాం," అన్నాడు. వేస్తాను అనలేదు, వేస్తాం అన్నాడు. మోకాళ్లు అప్పటికే రెండు బూరెల్లా పొంగి ఉన్నాయి. మూడు రోజులే ఉందని రాత్రుళ్లు కూడా ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పాడు, బావమరిది వంగి చేశాడు. గోడ మేస్త్రి మొదటిసారి నేలమీద తాపీ పెట్టి, "ఇది కనిపించనంత వాలు కదా బావా, ఇంత బుర్రబద్దలయ్యే పనా?" అన్నాడు. "ఇన్నాళ్లూ ఏమనుకున్నావు?" అన్నాడు బావ. ముప్పయ్యేళ్లలో బావ పనిని బావమరిది ఒప్పుకోవడం అదే మొదలు. ఫొటోని గోడకి అంటించలేదు, నేలమీదే పరిచారు. మేస్త్రి ముందుగా ఫొటోలో సూర్యుడు ఏ వైపున్నాడో అక్కడ నేలమీద సుద్దముక్కతో ఒక గుండ్రం గీసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టించాడు.

సోమవారం ప్రారంభంలో పిల్లలు నీళ్లు పోశారు. పిల్లకాలవల్లో దిగిన నీళ్లు పెద్ద కాలవలో కలిసి, మెలికలన్నీ తిరిగి తూములోకి పోయాయి. పక్కనే పాత గట్టూ ఉంది. పగలగొట్టడానికి మేస్త్రి ఒప్పుకోలేదు. దాని ముందు బోర్డు మీద ఆయన చెప్పినట్టే రాశారు: "ఫొటో తలకిందులుగా చూసి వేసింది. తప్పు మేస్త్రిది." కింద చిన్న అక్షరాలతో టీచరమ్మ తన ముక్క చేర్చింది: "అయినా అంగారకుడి మీద కొన్నిచోట్ల ఏర్లు ఇలాగే ఉన్నాయి." పిల్లలు ఏరు దగ్గర కాసేపే ఆడి, గట్టు దగ్గరే ఎక్కువసేపు గుమిగూడి, ఫొటోని అటూ ఇటూ తిప్పుతూ కేకలు పెట్టారు. వరండాలో అన్నిటికంటే ఎక్కువమంది చూసింది ఆ తప్పునే. మేస్త్రి దూరంగా నిలబడి చూసి, మొదట చిన్నబోయి, తర్వాత ఏమనుకున్నాడో, ఒక కుర్రదానికి వంగి చెప్పాడు. "ముందు దీపం ఎక్కడుందో చూడాలమ్మా."

అలా స్కూలు గచ్చుల్లో ఒకటి తప్పుగా పోయింది, రెండోది బావమరిది చేతి మీదుగా వెళ్లింది. మరి మేస్త్రి వేసిన ఆఖరి గచ్చు ఏది? మంగళవారం పొద్దున డాక్టరు మాటని ఒక పూటకి పక్కనపెట్టి, గోనెపట్టా మడిచి వేసుకుని, స్నానాలగది మూలన గొంతుక్కూర్చున్నాడు. నాలుగడుగుల చోటు పగలగొట్టి, దారం కట్టి, మళ్లీ వేశాడు. పూర్తయ్యాక లేవలేకపోతే భార్యే చంకల కింద చేతులు వేసి లేపింది.

గచ్చు ఆరాక పరీక్ష ఆయన చెయ్యలేదు. అగ్గిపెట్టె ఆవిడ చేతిలో పెట్టి గుమ్మం బయట నిలబడ్డాడు. ఆవిడ పుల్ల తల విరిచి, చెంబుడు నీళ్లు పోసి, చంటిపిల్ల మొదటి అడుగు చూసినట్టు వంగి చూసింది. పుల్ల కిటికీ కిందనుంచి బయల్దేరి, ఎక్కడా ఆగకుండా తూములోకి జారింది.

"పోయిందా?" అన్నాడు గుమ్మంలోంచి. నలభయ్యేళ్లలో ఆ ప్రశ్న ఎవరినీ అడిగి ఎరుగడు.

"పోయింది," అంది.

మర్నాడు స్నానం చేసి ఆవిడ అలవాటుగా చీపురు అందుకుంది. మూల పొడిగా ఉంది. చీపురు పక్కన పెట్టి, "ఇప్పుడు నిన్ను ఏమని తిట్టుకుంటూ స్నానం చెయ్యాలయ్యా?" అని లోపల్నుంచి అడిగింది.

"వెతుకు," అన్నాడు మేస్త్రి, మోకాళ్లకి నూనె రాసుకుంటూ. "ఈ ఇంటి గచ్చంతా నేను వేసిందే."